పోడు హద్దును చేతి జీపీఎస్‌లోకి ఎక్కించే ఫైలు

గోదావరి కుడిగట్టున, కిన్నెరసాని వచ్చి కలిసే చోటుకు దగ్గరగా ఉన్న బూర్గంపాడు ప్రాంతంలోనూ, నది దాటితే వచ్చే భద్రాచలం మన్యంలోనూ పోడు భూముల చర్చ వచ్చినప్పుడల్లా చివరికి హద్దు ఎక్కడన్న ప్రశ్న దగ్గరే ఆగుతుంది. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2007 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి ఆదివాసీ కుటుంబాల సాగులో ఉన్న అటవీ భూమిపై, 4 హెక్టార్లకు మించకుండా, అది హక్కును గుర్తించింది. అయితే అడవి లోపలి చెలకలకు సర్వే రాళ్లు గాని, పొలాల పటాలు గాని సాధారణంగా ఉండవు కనుక, వాగు వంపునూ ఇప్పచెట్టునూ గట్టునూ గుర్తుగా చెప్పుకొనే హద్దును అంకెల్లోకి మార్చడానికి చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరం అవసరమైంది. పరికరం పట్టుకొని చెలక చుట్టూ నడిస్తే హద్దు నమోదవుతుంది, ఆ హద్దు కార్యాలయంలోని కంప్యూటరుకు చేరుతుంది, అక్కడ పటం తయారవుతుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు. అదే హద్దును మళ్లీ పరికరంలోకి ఎక్కించుకొని, అడవిలో అదే చోట నిలబడి సరిచూడవలసి వచ్చినప్పుడే ఏ రకం ఫైలు వాడాలన్న సమస్య ఎదురవుతుంది.

ఫైలు ఫార్మాట్ అంటే సమాచారాన్ని ఏ వరుసలో, ఏ గుర్తులతో రాయాలన్న ఒప్పందం. ఒకే హద్దును నాలుగైదు రకాల ఫైళ్లలో రాయవచ్చు, కంప్యూటరు తెరమీద అవన్నీ ఒకేలా కనిపించవచ్చు కూడా. కాని చేతి పరికరానికి కంప్యూటరుకున్నంత తెలివి ఉండదు. తనకు తెలిసిన ఒకటి రెండు ఒప్పందాలను మాత్రమే అది చదువుతుంది, తెలియని ఫైలును తప్పని చెప్పకుండానే పక్కన పెట్టేస్తుంది. అందువల్ల కంప్యూటరులో ఏది బాగా కనిపిస్తోందన్నది ఇక్కడ తర్వాతి మాట. పరికరం ఏది చదువుతుంది, చదివేటప్పుడు హద్దులోని ఏ భాగం జారిపోతుంది అన్నవే మొదట చూడవలసినవి.

నేటి చేతి పరికరాలలో దాదాపు అన్నీ చదివేది జీపీఎక్స్ ఫైలు. టోపోగ్రాఫిక్స్ అనే అమెరికన్ సంస్థ దీనిని 2002లో రూపొందించగా, ఇప్పటికీ వాడుకలో ఉన్న 1.1 రూపం 2004లో వచ్చింది. ఇది వ్యాపించడానికి ఒక ఆట కూడా తోడ్పడింది. జీపీఎస్ సంకేతాలలో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన దోషాన్ని 2000 మే నెల మొదట్లో తొలగించడంతో, అంతవరకు వంద మీటర్ల దాకా తప్పుతూ ఉండిన సామాన్యుల పరికరాలు ఒక్కసారిగా చెట్టునూ బండనూ చూపగల స్థితికి వచ్చాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు. జియోకాషింగ్ అనే ఈ దాగుడుమూతల ఆటలో వేలాది దాపులను పరికరంలోకి ఎక్కించవలసి రావడంతో, ఫైళ్ల మంచిచెడ్డలను ముందుగా పట్టి చూసింది ఆ ఆటగాళ్లే. లాక్ అనే తేలిక ఫైలు దాపు పేరునూ స్థానాన్నీ ఒక లింకునూ మాత్రమే మోస్తే, జీపీఎక్స్ దాపు వివరణనూ సూచననూ వెదికినవారి మాటలనూ కూడా మోసింది. వేల దాపులు నిండి పరికరం మొరాయించే స్థితి వచ్చాక, అనేక జీపీఎక్స్ ఫైళ్లను ఒక సూచికతో కలిపి కుదించే జీజీజెడ్‌ను గార్మిన్ సంస్థ తెచ్చింది. అది దాపుల కోసమే పుట్టిన ఏర్పాటు కాబట్టి పోడు హద్దులకు పనికిరాదు.

జీపీఎక్స్‌లో మూడే రకాల వస్తువులుంటాయి. వేపాయింట్ అంటే పేరుగల ఒక్క బిందువు. రూట్ అంటే ఇకమీదట వెళ్లవలసిన బిందువుల వరుస. ట్రాక్ అంటే ఇప్పటికే నడిచిన జాడ, దానిలోని ప్రతి బిందువుతోపాటు ఎత్తూ సమయమూ కూడా ఉండవచ్చు. పొలానికి తప్పనిసరిగా కావలసిన నాలుగో వస్తువు, అంటే నాలుగు వైపులా మూసుకొని లోపల విస్తీర్ణం గల ఆకారం, ఇందులో లేదు. జీపీఎక్స్‌ను రూపొందించినవారు బాటసారులను తలచుకొని రూపొందించారు గాని రైతులను కాదు. అందుచేత కార్యాలయంలో మూసిన ఆకారంగా ఉన్న చెలక పరికరంలోకి వెళ్లేటప్పుడు ట్రాక్‌గా, అంటే మొదలైన బిందువు దగ్గరికే తిరిగి వచ్చే గీతగా మారాలి. చివరి బిందువు మొదటి బిందువుతో కలవకపోతే పరికరం తెరమీద ఒక వైపు తెరిచి ఉన్న హద్దు కనిపిస్తుంది. చెలక నడుమ సాగులోలేని గుట్ట ఉండి, కార్యాలయపు పటంలో దానిని లోపలి వలయంగా మినహాయించి ఉంటే, జీపీఎక్స్‌లో అది రెండో ట్రాక్‌గా విడిపోతుంది. ఇది మినహాయింపు అని చెప్పే గుర్తు ఫైలులో ఎక్కడా మిగలదు. ఇటువంటి చోట్ల ట్రాక్ పేరులోనే ‘లోపలి గుట్ట’ అన్న సంగతి తెలిసేటట్లు రాసుకోవడం తప్ప మార్గం లేదు. హద్దు మలుపులను వేపాయింట్లుగా, హద్దు గీతను ట్రాక్‌గా, రెండింటినీ ఒకే జీపీఎక్స్‌లో ఉంచడం మేలు. అడవిలో మనిషి వెదికేది మలుపునే, రెండు మలుపుల నడుమ దారి తప్పకుండా కాచేది గీత.

కార్యాలయాలు ఎక్కువగా వాడే షేప్‌ఫైల్ సంగతి వేరు. అమెరికాలోని ఎస్రీ సంస్థ రూపొందించిన ఇది పేరుకు ఒక ఫైలైనా నిజానికి కొన్ని ఫైళ్ల గుంపు. ఒకటి ఆకారాన్ని, మరొకటి సూచికను, ఇంకొకటి పట్టికను, వేరొకటి ఏ కొలమానంలో కొలిచారన్న సంగతిని మోస్తాయి. వాటిలో ఒక్కటి మరిచి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటే మిగిలినవి కుంటుతాయి. మూసిన ఆకారాలనూ లోపలి వలయాలనూ సక్రమంగా దాచే ఈ గుంపును చేతి పరికరం నేరుగా చదవదు. పైగా దానిలోని అంకెలు చాలాసార్లు డిగ్రీలలో కాక మీటర్లలో ఉంటాయి. 78, 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల నడుమనున్న ప్రాంతం యూటీఎం అనే కొలమానంలో 44వ మండలానికి చెందుతుంది, ఆ మండలపు నడిగీత 81 డిగ్రీల దగ్గర ఉంటుంది. సుమారు 80.87 డిగ్రీల దగ్గరున్న బూర్గంపాడు ఆ నడిగీతకు పడమరగా 14 కిలోమీటర్ల లోపే ఉండటంవల్ల మీటర్లలో వేసిన విస్తీర్ణానికీ నేలమీది విస్తీర్ణానికీ తేడా ఎకరాకు మూడు నాలుగు చదరపు మీటర్లను మించదు, కనుక ఆ లెక్కలో భయపడవలసిందేమీ లేదు. జీపీఎక్స్ మాత్రం డబ్ల్యూజీఎస్ 84 అనే భూనమూనాపై, డిగ్రీలలోనే రాయాలన్నది నియమం. అందువల్ల ఎగుమతి చేసేటప్పుడు మీటర్లను డిగ్రీలకు మార్చడం మరువరాదు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్ట్ నమూనాపై గీసినవి. వాటి గళ్లనుంచి చదివిన స్థానాన్ని మార్చకుండా ఎక్కిస్తే ఈ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. చిన్న చెలక ఒకటి మొత్తంగా పక్కవారి భూమిలోకి జరిగిపోవడానికి అంత తేడా చాలు.

ఫోనులోనూ గూగుల్ ఎర్త్‌లోనూ చూపడానికి అందరూ ఇష్టపడే కేఎంఎల్ 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మూసిన ఆకారమూ రంగూ వివరణా అన్నీ అందులో ఇముడుతాయి కనుక గ్రామసభలో తెరమీద హద్దును చూపి మాట్లాడటానికి దాన్ని మించినది లేదు. చేతి పరికరం విషయంలో మాత్రం అది ఆశ పెట్టి మోసం చేస్తుంది. గార్మిన్ పరికరాలు కేఎంఎల్‌ను కుదించిన కేఎంజెడ్‌ను చదువుతాయన్నది నిజమే గాని, అందులో పొందుపరిచిన బొమ్మ పటాన్ని మాత్రమే అవి తీసుకుంటాయి, గీసిన హద్దు గీతలను తీసుకోవు. ఉపగ్రహ చిత్రాన్ని వెనుక తెరగా పెట్టుకోవడానికి కేఎంజెడ్, దానిమీద హద్దుకు జీపీఎక్స్ అన్న జోడింపు అడవిలో బాగా ఉపయోగపడుతుంది. కేఎంఎల్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత రాస్తారన్నది మరో చిక్కు. చేత్తో దిద్దేవారు వరుస తారుమారు చేస్తే బూర్గంపాడు చెలక స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటబడుతుంది కాబట్టి దానివల్ల అసలు నష్టం తక్కువే.

కంటబడని తప్పులకు పుట్టిల్లు సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టిక. చేత్తో రాసిన రిజిస్టరు నుంచి ఎక్కించడానికి ఇదే సులువు. దానిని జీపీఎస్ బేబెల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో జీపీఎక్స్‌గా మార్చుకోవచ్చు. కాని పరికరం తెరమీద స్థానం సాధారణంగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషపు భాగాలుగా కనిపిస్తుంది. పట్టికలో రాయవలసింది దశాంశ డిగ్రీలు. 17 డిగ్రీల 39 నిమిషాలను దశాంశంలో 17.65 అని రాయాలి. దానిని 17.39 అని రాసినవారు చెలకను 29 కిలోమీటర్లు దక్షిణానికి తీసుకుపోయినట్లే, అయినా ఆ బిందువు తెలుగు నేలమీదే, అడవి అంచునే పడుతుంది కనుక తొలిచూపులో ఎవరికీ అనుమానం రాదు. దశాంశం తర్వాత ఐదు అంకెలుంటే మీటరు దాకా సూక్ష్మత దక్కుతుంది. రెండు అంకెలకు కుదించిన పట్టిక కిలోమీటరు దగ్గరే ఆగిపోతుంది.

తెలుగులో రాసిన పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. జీపీఎక్స్ ఫైలులో తెలుగు అక్షరాలు చక్కగా నిలుస్తాయి. అయితే తెలుగు లిపి లేని పరికరం తెరమీద వాటి బదులు గళ్లు కనిపిస్తాయి. షేప్‌ఫైల్ పట్టికలో నిలువు వరుస పేరు పది అక్షరాలను మించరాదు, తెలుగు విలువలు ఒక కంప్యూటరులో బాగున్నా మరొకదానిలో చెదిరిపోవచ్చు. అందువల్ల పరికరంలోకి ఒక సంఖ్యను మాత్రమే పేరుగా పంపి, ఆ సంఖ్య ఎదుట రైతు పేరు, ఊరు, హద్దుల వివరం తెలుగులో ఉన్న రిజిస్టరును వెంట ఉంచుకోవడం అన్నిటికంటె మేలు. ఊరి పేరు పక్కన సర్వే తేదీ కూడా ఉండాలి. 2014లో పోలవరం కోసం బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, బూర్గంపాడు గ్రామం తెలంగాణలోనే నిలిచింది. 2016 అక్టోబరు 11న అది ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. తేదీ లేని ఫైలులో ‘ఖమ్మం జిల్లా’ అన్న మాట ఏ కాలానిదో తేల్చుకోవడం కష్టం.

పరికరం చోటు కూడా లెక్కలోకి తీసుకోవాలి. గార్మిన్ ఈట్రెక్స్ 20 రెండు వేల వేపాయింట్లనూ రెండు వందల ట్రాక్‌లనూ దాచుకోగలదు. మండలం మొత్తాన్ని ఒకేసారి ఎక్కించకుండా ఆ రోజు తిరిగే గూడెపు చెలకలను మాత్రమే ఎక్కించుకుంటే చోటూ చాలుతుంది, వెదుకులాటా తగ్గుతుంది. ఏ ఫైలునైనా దాని సూక్ష్మత మేరకే నమ్మాలి. ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్ల దాకా, దట్టమైన చెట్ల కింద అంతకు మించి తప్పగల పరికరం ఎకరం చెలకకు ఒక పక్క గీతను ఐదు మీటర్లు జరిపినా, దాదాపు మూడు గుంటల తేడా వస్తుంది. ఫార్మాట్ మార్చినంత మాత్రాన ఆ మూడు గుంటలు తిరిగి రావు.

చట్టం కూడా పరికరాన్ని ఈ స్థాయిలోనే నిలిపింది. ఉపగ్రహ చిత్రాలూ ఇతర సాంకేతిక సాధనాలూ మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని వాటి స్థానాన్ని ఆక్రమించరాదని 2012లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. ఊరి పెద్దల వాంగ్మూలమూ, నేలమీది గట్లూ గుడిసెలూ సాక్ష్యాలుగా చెల్లుతాయి. గ్రామసభ తీర్మానం నచ్చనివారు 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. అటువంటి అర్జీ విచారణలో నునుపు చేసిన షేప్‌ఫైల్ కంటె, నడిచిన రోజున పరికరం తానే రాసుకున్న జీపీఎక్స్ ట్రాక్‌కు విలువ ఎక్కువ, ఎందుకంటే నడక వరుసా ప్రతి బిందువు సమయమూ అందులో ఉంటాయి. ఆ సమయం మన గడియారం ప్రకారం కాక, దానికి ఐదున్నర గంటలు వెనుకనున్న ప్రపంచ కాలమానంలో నమోదవుతుంది. ఉదయం ఆరు గంటలకు మొదలైన నడక ఫైలులో అర్ధరాత్రి దాటిన అరగంటకు మొదలైనట్లు కనిపిస్తుంది. దానిని చూసి ఫైలు కల్పితమని అనుమానించకుండా, ఈ సంగతిని రిజిస్టరులో ముందుగానే రాసిపెట్టి, ఆ మొదటి ఫైలును ఎవరూ దిద్దకుండా విడిగా భద్రపరచాలి. పరికరంలోకి ఎక్కించేది ఎప్పుడూ దాని నకలే కావాలి.