పాతబస్తీకి మెట్రో రైలు: రహదారి విస్తరణ, నష్టపరిహారం

1591లో చార్మినార్‌తో హైదరాబాద్ నగరం ఎక్కడ రూపుదిద్దుకొన్నదో, మెట్రో రైలు ఆ చోటికే అందరికన్నా ఆలస్యంగా చేరవలసి రావడం గమనార్హం. మొదటి దశలో సుమారు 72 కిలోమీటర్లు ప్రతిపాదించగా, 2017 నవంబరు 28న ప్రారంభమైన మెట్రో, 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ - మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గంతో 69 కిలోమీటర్లకు చేరినది. అక్కడి నుండి ఫలక్‌నుమా వరకు గల భాగం మిగిలిపోయినది.

ఇందుకు ప్రధాన కారణం ఇరుకు రహదారి. దారుల్‌షిఫా నుండి షాలిబండ మీదుగా సాగే ఈ దారికి ఇరువైపులా ఇళ్లు, దుకాణాలు, మసీదులు, ఆలయాలు, అషూర్‌ఖానాలు కలవు. స్తంభాలు నడిరోడ్డున నిలిచి, వాటికి రెండు పక్కలా వాహనాలు సాగుటకు 100 అడుగుల వెడల్పు, స్టేషన్ల వద్ద 120 అడుగులు అవసరమని నిర్ణయించడమైనది. ప్రార్థనా స్థలాలను తప్పించుటకు స్తంభాల స్థానాలను సర్దుబాటు చేయవలసి వచ్చినది.

చాంద్రాయణగుట్ట వరకు పొడిగించిన 7.5 కిలోమీటర్ల మార్గానికి 2024 మార్చి 8న ఫరూఖ్‌నగర్‌లో శంకుస్థాపన జరిగినది. ఆస్తులు కోల్పోవు వారికి చదరపు గజానికి 81,000 రూపాయల పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ చేపట్టడమైనది. అయితే తరతరాలుగా ఒకే దుకాణంపై జీవించు వ్యాపారికి, అందునా అద్దెదారునికి, గజం ధరతో తీరే నష్టం కాదది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో రానున్న స్టేషన్లను ఆ కట్టడాలకు దాదాపు 500 మీటర్ల దూరంలో ప్రతిపాదించినారు.