కాయగూరల తోటకు పెంటయెరువా, సంచియెరువా?



మన భాషలో ‘ఎరువు’ అను మాటకు రెండర్థములు కలవు. చేనికి వేయు సారము ఒకటి; ఒరులయొద్ద బదులు తెచ్చుకొన్న సొమ్ము రెండవది. ఈ రెంటిని కలిపి తలచినచో నేటి విషయము సులభముగా బోధపడును. పంట నేలనుండి తీసికొన్నది బదులు. దానిని మనము తిరిగి చెల్లింపవలయును. దేనితో చెల్లింపవలయునన్నదే ప్రశ్న.

బడి విడిచిన పిదప నేను పెరటిలో వంగ, బెండ, తోటకూర పెంచుచున్నాను. అందుచే నాయొద్దకు వచ్చువారు తఱచుగా ఈ ప్రశ్న వేయుదురు. సంచియెరువెల్ల విషమని కొందఱు, పెంట పాతకాలపు మాటయని కొందఱు వాదింతురు. రెండును సరికావు. మొక్కవేరు పెంటను పెంటగా తినదు. మట్టిలోని సూక్ష్మజీవులచే అది చివికి, నీటిలో కరగు లవణములుగా మాఱిన పిదపనే వేరు పీల్చుకొనును. యూరియాయు నట్లే మాఱును. వేరును చేరునప్పటికి నత్రజని యెచ్చటినుండి వచ్చినను ఒక్కటియే. భేదమంతయు అది అందు వేగమునందును, మట్టికి మిగులు దానియందును గలదు.

లెక్క చూతము. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల సంచిలో దాదాపు 21 కిలోలు. చివికిన పెంటలో నూటికి సుమారు అరపాలు మాత్రమే. కావున ఒక సంచికి నాలుగు టన్నుల పెంట సరితూగును. అదియు మొదటి యేడే యంతయు చిక్కదు. కొంత తరువాతి పంటలకు నిలుచును.

ఇంతమాత్రమున పెంట యోడినదని తీర్పు చెప్పరాదు. ఆ నాలుగు టన్నులలో సుమారు 20 కిలోల పొటాషు, 8 కిలోల భాస్వరము, జింకు, ఇనుము మొదలగునవియు కలవు. యూరియాలో నత్రజని తప్ప వేఱు పోషకము లేదు. మఱియు పెంటవలన ఇసుకనేల నీరు పట్టును, రేగడి గుల్లబారును. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1843 నుండి గోధుమ మడులలో ఈ రెంటిని ప్రక్కప్రక్కనే పోల్చుచున్నారు. రెంటను మంచి పంటలే పండినవి. కాని యేటేట పెంట వేసిన మడిమట్టిలో జీవసారము, రసాయనములు వేసిన మడికంటె రెట్టింపునకు మించినది.

ఇక వంగతోటను తీసికొందము. ఎకరమునకు 6 మొదలు 8 టన్నుల చివికిన పెంటను, భాస్వరము, పొటాషు ఒక్కొక్కటి 24 కిలోల చొప్పున ఆఖరిదుక్కిలో వేయవలయును. నత్రజని 40 కిలోలు, అనగా దాదాపు రెండు సంచుల యూరియా, ఒక్కమాఱు గుమ్మరింపక, మూడు సమభాగములు చేసి, నాటిన 30, 60, 75వ దినములయందు వేయవలయును. మట్టిపరీక్ష చేయించినచో ఈ లెక్కను నేలకు తగినట్లు దిద్దుకొనవచ్చును.

పొరుగుతోట నల్లగా నున్నదని మఱియొక సంచి వేయుట మనవారి యలవాటు. అందువలన ఆకు పెరుగును గాని కాపు వెనుకబడును; పేనుబంక, పచ్చదోమ ముసురును. మిగిలిన నత్రజని నీటితో దిగి త్రాగుబావులను చేరును. అట్టి నీరు పసిబిడ్డలకు హానికరము. పెంటకును దోషము లేకపోలేదు. పచ్చిపెంట వేసినచో వేరుపురుగును, కలుపుగింజలును వెంటవచ్చును.

పెద్దలైన మీకు నా మనవి యిది. ట్రాక్టర్లు వచ్చి యెడ్లు తగ్గినవి, పెంట కఱవైనది. ఉన్నదానినైన కాపాడుకొనవలదా? ఎండకు, వానకు విడిచిన కుప్పలో సారము కొంత గాలిలో, కొంత నీటిలో పోవును. గుంత త్రవ్వి, పైన నీడ కల్పించి, మన్ను కప్పుడు. కొట్టములో పొడిమన్ను పఱచి మూత్రమును పట్టుడు. పశువు విడుచు నత్రజనిలో సుమారు సగము దానియందే యున్నది. చాలని చోట జనుము, జీలుగ చల్లి పూతకు వచ్చినప్పుడు కలియదున్నుడు, వేపపిండి వాడుడు.

పెంట మూలధనము; సంచి చేబదులు. అవసరమునకు చేబదులు తెచ్చుకొనుట తప్పు కాదు. మూలధనమును పాడుచేసి చేబదులుతో బ్రతుకుదమనుటయే తప్పు. ఈ యేడు ప్రతి కొట్టము ప్రక్కను ఒక పెంటగుంత యుండునట్లు మీ యూరిలో కట్టడి చేయుడు.