పొలిమేరకు వచ్చిన పట్టణము

పట్టణము పొలిమేరకు వచ్చినప్పుడు రైతు మొదట నడుగునది ఎకరమునకెంత యని. అందు తప్పులేదు. కాని ఆ లెక్కలో చేరనివి కొన్ని గలవు. సంఘ సభ్యులగు రైతు సోదరులు వానిని ముందుగా నెఱుగవలెనని అమరావతి సంగతి వ్రాయుచున్నాను.

కృష్ణ కుడిగట్టున ఉండవల్లి, పెనుమాక మొదలగు గ్రామములలో ఏటి యొండ్రు పేరుకొని, కొలది లోతుననే నీరు దొరకు నేలలను జరీబు భూములందురు. కూరగాయలు, పూలు, అరటి అందు ఒకదాని వెంట నొకటి పండుచుండెడివి. బెజవాడ బజారు నది కావలి గట్టుననే యున్నది. మెట్టనేలను ఎరువు వేసి బాగుచేయవచ్చును గాని, ఇట్టి నీటిని, ఇంత దగ్గరి బజారును వేఱొకచోట కల్పించుట మావంటి వ్యవసాయ శాఖవారి తరము కాదు.

2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట, రాజధాని విషయము విచారించిన శివరామకృష్ణన్ కమిటీ, విజయవాడ గుంటూరుల నడుమ మహానగరము కట్టినచో సారవంతమగు సాగుభూమి నష్టమగునని హెచ్చరించెను. ప్రభుత్వము వేఱుగా తలంచి, 2015లో భూసమీకరణము జరిపెను. రమారమి 33,000 ఎకరములు చేరినవి. ఉండవల్లి, పెనుమాకలలో పలువురు ఇయ్యమనిరి.

పట్టా జరీబు ఎకరమునకు 1,000 గజముల నివాసస్థలము, 450 గజముల వాణిజ్యస్థలము నిర్ణయింపబడెను. ఎకరమునకు 4,840 గజములు గదా; అనగా పదింట మూడుపాళ్లు. మొదటి యేట 50,000 రూపాయలు, ఏటేట నూటికి పది హెచ్చుగా పదియేండ్లు కౌలు. కౌలను పేరేగాని, అది భూస్వామికి చెందునది. నిజముగా కౌలుకు చేయుచుండిన భూమిలేని కుటుంబమునకు అప్పుడు నెలకు 2,500 రూపాయల పింఛనే గతియయ్యెను; మూడెకరములు చేసినవానికిని, కూలికి పోవువానికిని అంతే.

పిమ్మట 2019లో ప్రభుత్వము మారి పనులు నిలిచెను. దున్నుటయు లేదు, కట్టుటయు లేదు. 2024లో పని మరల నెత్తుకొనుటకు ముందు పొదలు కొట్టింపవలసి వచ్చెను.

2013 నాటి భూసేకరణ చట్టములో, బహుళ పంటల సాగునీటి భూమిని విధిలేనప్పుడు కడపటి యుపాయముగా మాత్రమే తీసికొనవలెనని యున్నది. సమీకరణము సేకరణ కాదు గనుక ఈ కట్టడి దానికి తగులలేదు. ఒప్పందపత్రము చేతికి వచ్చినప్పుడు, అది ఏ చట్టము క్రిందిదో మొదట నడుగుడు.

పట్టణమునకు చేరువనున్న సంఘములు ఇప్పుడే యొక పుస్తకము తెఱచి, సర్వే నంబరు వారీగా పండు పంటలను, బావులలో నీటిమట్టమును, భూస్వామి పేరుతోపాటు సాగుచేయువాని పేరును వ్రాయించి, గ్రామసభ యెదుట చదివింపవలెను. బావి కొలుచుటకు వేసవియే తగిన కాలము.