ఓడుతున్న బల్ల దగ్గర ఇంకెన్నాళ్లు?

పేకాటలో ఏళ్ల తరబడి డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లను కదిలిస్తే చాలాసార్లు ఒకటే మాట వినిపిస్తుంది: "ఆట వచ్చు, ముక్కలే పడటం లేదు." రమ్మీ ఆడేవాళ్లదీ ఇదే మాట, పోకర్ ఆడేవాళ్లదీ ఇదే మాట. దీన్ని సాకు అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇందులో గట్టి గణిత ప్రశ్న ఒకటి దాగి ఉంది. పోయిన డబ్బులో దురదృష్టం వాటా ఎంత, ఆటలోని లోపం వాటా ఎంత? ఈ లెక్క పూర్తిగా తేలాలంటే చాలా ఏళ్లు పడుతుంది. అయితే ఆడాలా మానాలా అని తేల్చుకోవడానికి అన్నేళ్లు ఆగనక్కర్లేదు.

ముందు నైపుణ్యం సంగతి చూద్దాం. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు చేసిన దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసులో 1967లో తీర్పు వచ్చింది. రమ్మీ మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది వదిలెయ్యాలో తెలిసి ఉండాలనీ న్యాయస్థానం చెప్పింది. పోకర్ విషయంలోనూ ఆధారాలు ఇటే చూపిస్తున్నాయి. అమెరికా ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ 2010 నాటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫలితాలు తీసుకున్నారు. అంతకుముందు రికార్డును బట్టి మేటి ఆటగాళ్లెవరో విడదీశారు. వాళ్లకు పెట్టిన ప్రవేశ రుసుము మీద సగటున 30 శాతానికి పైగా లాభం వచ్చింది. మిగిలినవాళ్లకు సగటున 15 శాతానికి పైగా నష్టం.

"ఇది నైపుణ్యం గల ఆట" అన్న మాటను ఓడిపోతున్నవాళ్లు ధైర్యవచనంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది వాళ్లకు రావలసిన హెచ్చరికలా వినిపిస్తుంది. ఉత్త అదృష్టం మీద నడిచే ఆటలో, మధ్యలో కమిషన్ తీసేవాడు లేకపోతే, ఎవరికీ శాశ్వతమైన పైచెయ్యి ఉండదు. నైపుణ్యం గల ఆటలో ఉంటుంది. అంటే బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు మిగిలినవాళ్ల దగ్గర క్రమం తప్పకుండా డబ్బు లాగుతూ ఉంటారు.

ఇక అంకెల్లోకి దిగుదాం. కాలిఫోర్నియాలో స్థిరపడ్డ ఒక తెలుగు ఇంజనీరును ఊహించుకోండి. అక్కడి కార్డు రూముల్లో పోకర్ చట్టబద్ధం. వారానికి ఒక సాయంత్రం, 4 గంటలు, తొమ్మిది మంది కూర్చునే బల్ల మీద టెక్సాస్ హోల్డెమ్ అనే రకం పోకర్ ఆడతాడు. బిగ్ బ్లైండ్, అంటే పంపకానికి ముందే ఒక ఆటగాడు తప్పనిసరిగా పెట్టాల్సిన పెద్ద పందెం, 5 డాలర్లు. మనుషులు ముక్కలు పంచే బల్ల మీద గంటకు సుమారు 30 హ్యాండ్లు, అంటే 30 పంపకాల ఆట, నడుస్తాయి. ప్రతి హ్యాండ్ నుంచి నిర్వాహకులు తీసే కమిషన్ సగటున 4 డాలర్లనుకుందాం. దీన్నే ఆటగాళ్లు రేక్ అంటారు.

గంటకు 120 డాలర్లు బల్ల మీది నుంచి పోతాయి. వారానికి 4 గంటల చొప్పున ఏడాదికి 24,960 డాలర్లు. ఆ డబ్బును ఏ ఆటగాడూ గెలవలేడు. తొమ్మిది మందీ సరిసమానులైతే ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 2,770 డాలర్లు, మూడేళ్లకు 8,300 డాలర్ల నష్టం రాసిపెట్టి ఉంది. ముక్కలు పంచేవాళ్లకు ఇచ్చే టిప్పు దీనికి అదనం. ఎవరూ చెడ్డగా ఆడకపోయినా, ఎవరికీ దురదృష్టం పట్టకపోయినా అందరూ ఓడిపోయే ఆట ఇది. లాభంలో ఉండాలంటే పక్కవాళ్లకంటే మెరుగ్గా ఆడితే చాలదు, ఈ కమిషన్‌ను దాటేటంత మెరుగ్గా ఆడాలి.

మన ఇంజనీరు మూడేళ్లలో 10,000 డాలర్లు పోగొట్టుకున్నాడనుకుందాం. అతను ఈ అంకెను సున్నాతో పోల్చుకుంటాడు. "ఏమీ రాకపోయినా ఏమీ పోకూడదు కదా, పదివేలు పోయాయంటే ఎంత దురదృష్టం!" అని బాధపడతాడు. పోల్చుకోవాల్సింది సున్నాతో కాదు, 8,300 డాలర్ల నష్టంతో. అప్పుడు లెక్కలో మిగిలే తేడా సుమారు 1,700 డాలర్లే.

ఆ 1,700 డాలర్లు దురదృష్టం వల్ల పోయాయా అంటే, పోయి ఉండొచ్చు. అదృష్టపు ఆటుపోట్లు ఎంత ఉంటాయో కొలవడానికి గణాంకశాస్త్రంలో ప్రామాణిక విచలనం అనే కొలత ఉంది. హోల్డెమ్‌లో ఇది వంద హ్యాండ్లకు దాదాపు వంద బిగ్ బ్లైండ్లు ఉంటుంది. హ్యాండ్లు పెరిగేకొద్దీ ఈ ఊపు అదే నిష్పత్తిలో పెరగదు, వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఆట నాలుగు రెట్లయితే ఊపు రెండు రెట్లే అవుతుంది. నైపుణ్యం తెచ్చే లాభం గానీ, కమిషన్ తెచ్చే నష్టం గానీ పూర్తిగా నాలుగు రెట్లు పెరుగుతుంది. అందుకే కొద్ది రోజుల ఆటలో అదృష్టం రాజ్యం చేస్తుంది, దీర్ఘకాలంలో ఆటతీరూ కమిషనూ పైకి తేలతాయి.

మన ఇంజనీరు వారానికి 120 హ్యాండ్ల చొప్పున మూడేళ్లలో ఆడింది 18,720 హ్యాండ్లు. ఆ మేరకు అదృష్టపు ఊపు 6,800 డాలర్ల దాకా వస్తుంది. దాని ముందు 1,700 ఎంత? నాలుగో వంతు. అంటే అతని రికార్డు ఆ బల్ల మీద కూర్చున్న ఒక సగటు ఆటగాడి రికార్డు. విధి పగబట్టిన గుర్తులేవీ అందులో లేవు. మరి "నిజానికి నేను గెలిచే ఆటగాణ్ణే, మూడేళ్లు కాలం కలిసిరాలేదు" అన్న నమ్మకం మాటేమిటి? కమిషన్ పోగా వంద హ్యాండ్లకు 5 బిగ్ బ్లైండ్లు గెలవగల సత్తా ఉన్న మనిషి మూడేళ్లలో ఇంత లోతుకు పడిపోయే అవకాశం నూటికి రెండు కూడా లేదు. అలాంటి సత్తా ఉన్నవాళ్లే తక్కువ. ఆ తక్కువమందిలో నూటికి రెండు కంటే తక్కువ. ఈ రెండు తక్కువలూ కలిపి చూస్తే, పందెం కాయడానికి ఏమాత్రం పనికొచ్చే నమ్మకం కాదది.

అయినా రుజువు రుజువే కదా, ఖచ్చితంగా తేలేదాకా ఆడి చూస్తానంటాడా? రుజువుకు ఎంత ఆట కావాలో చెప్పే ఉదంతం ఒకటుంది. 2015లో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన, పోకర్ ఆడే క్లాడికో అనే ప్రోగ్రాముతో నలుగురు వృత్తి ఆటగాళ్లు 80,000 హ్యాండ్లు ఆడారు. మనుషులు 7,32,713 డాలర్ల విలువైన చిప్స్ ఎక్కువ గెలిచారు. వంద హ్యాండ్లకు 9 బిగ్ బ్లైండ్ల ఆధిక్యం అది. అయినా గణాంకాల ప్రకారం ఇది డ్రా కిందే లెక్క అని పరిశోధకులు ప్రకటించారు. దాంతో 2017లో లిబ్రాటస్ అనే కొత్త ప్రోగ్రాముతో పోటీ పెట్టినప్పుడు హ్యాండ్లను 1,20,000కు పెంచారు. ఆసారి యంత్రం 17,66,250 డాలర్ల చిప్స్ తేడాతో, వాదనకు చోటు లేకుండా గెలిచింది. మన ఇంజనీరు వారానికో సాయంత్రం ఆడుతూ 80,000 హ్యాండ్లు పూర్తి చెయ్యాలంటే సుమారు 13 ఏళ్లు పడుతుంది. లక్షా ఇరవై వేలకైతే 19 ఏళ్లు. "ఇంకా తేలలేదు" అన్న మాట అతనికి దాదాపు ఉద్యోగ విరమణ దాకా అండగా నిలబడుతుంది. అనిశ్చితి అనే శాస్త్రీయ భావన ఇక్కడ ప్రమాదకరంగా మారుతోంది. అది అబద్ధం కాదు కాబట్టే దాన్ని వదిలించుకోవడం కష్టం.

ఇక మనసు చేసే పని. జూదగాళ్లు ఓటములు మర్చిపోయి గెలుపులే గుర్తుపెట్టుకుంటారని మనం అనుకుంటాం. కార్నెల్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ గిలొవిచ్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. ఫుట్‌బాల్ పందేలు కాసేవాళ్లను పరిశీలిస్తే, వాళ్లు గెలుపుల కంటే ఓటముల గురించే ఎక్కువసేపు మాట్లాడారు. వారాల తర్వాత అడిగినా ఓటములే బాగా గుర్తున్నాయి. గెలుపును "నేను ముందే అనుకున్నాను" అని ఉన్నదున్నట్టు స్వీకరించారు. ఓటమిని మాత్రం విప్పి, తిరగేసి, ఫలానా చోట బంతి జారకపోయి ఉంటే గెలుపే అని సరిచేసుకున్నారు. అంటే వాళ్లు ఓటమిని మరవలేదు, దాన్ని దాదాపు గెలుపుగా మార్చి దాచుకున్నారు.

పోకర్ బల్ల మీద ఇలాంటి కథలకు కొదవ లేదు. చేతిలో రెండు ఆసులు, అవతల రెండు రాజులు, చివరి ముక్కకు మూడో రాజు పడి సర్వం పోయింది. నిజమే, బాధే. కానీ బల్ల మీది ఉమ్మడి ముక్కలు తెరవకముందే డబ్బంతా మధ్యలోకి చేరినప్పుడు రెండు రాజులు రెండు ఆసులను నూటికి సుమారు 18 సార్లు ఓడిస్తాయి. ఆ 18 సార్లు ఆటలో భాగమే. మిగిలిన 82 సార్లు గెలిచినప్పుడు ఎవరూ కథ చెప్పరు.

ఇంకో వల కూడా ఉంది. సమాజ శాస్త్రవేత్త కైల్ సైలర్ 2010లో 2.7 కోట్ల ఆన్‌లైన్ హ్యాండ్లను విశ్లేషించాడు. ఎక్కువ హ్యాండ్లు గెలిచేవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునే ధోరణి కనిపించింది, ముఖ్యంగా కొత్తవాళ్లలో. చిన్న చిన్న మొత్తాలు పదేపదే గెలుస్తారు, అప్పుడప్పుడూ ఒక్క దెబ్బకు అంతా పోతుంది. మనసు గెలిచిన సార్లను లెక్కపెడుతుంది, పర్సు మొత్తాన్ని లెక్కపెడుతుంది. సాయంత్రమంతా గెలుస్తూనే ఉన్నట్టు అనిపించి, లేచేసరికి జేబు ఖాళీ కావడంలో వింతేమీ లేదు.

"పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి" అని పేకాట బల్లల దగ్గర తరచూ అంటుంటారు. వెతుక్కునే ఆ ఘడియే అన్నిటికంటే ఖరీదైనది. నష్టంలో ఉన్న మనిషి మామూలుగా చెయ్యని సాహసాలకు దిగుతాడని డేనియల్ కానమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. గ్యారీ స్మిత్ బృందం 2009లో దీన్ని పోకర్ మీదే పరీక్షించింది. పెద్ద పందేలు ఆడే అనుభవజ్ఞులు సైతం 1,000 డాలర్లు పోగొట్టుకున్న వెంటనే ముందుకంటే తెగించి, ఎక్కువ హ్యాండ్లలో వేలు పెట్టారు. నిన్నటి నష్టం ఈ రోజు ఆటనూ చెడగొడుతుందన్నమాట. పోయిన డబ్బుకు ముక్కల మీద ఏ ప్రభావమూ లేదు, పట్టుకున్న చేతుల మీద మాత్రం ఉంది.

ఇంతకీ ఆడాలా, మానాలా? సంపాదన కోసమైతే జవాబు సూటిగా ఉంది. బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన సూత్రం, చేతిలో ఉన్న సొమ్ములో ఎంత వాటా పందెం కాస్తే అది దీర్ఘకాలంలో బాగా పెరుగుతుందో చెబుతుంది. ఆటలో మనకు మొగ్గు లేనప్పుడు ఆ సూత్రం ఇచ్చే వాటా సున్నా. మొగ్గు ఉందో లేదో తెలియక, ఉన్న లెక్కలన్నీ లేదనే చెబుతున్నప్పుడు, ఉందని చూపించాల్సిన భారం ఆటగాడిదే.

చూపించే ప్రయత్నం చెయ్యాలనుకుంటే డబ్బు లెక్క కంటే త్వరగా తేలే దారి ఉంది. కష్టమైన హ్యాండ్లు కాగితం మీద రాసుకుని, చివరికి ఎవరు గెలిచారో చెప్పకుండా, తనకంటే బాగా ఆడేవాళ్లకు చూపించాలి. గెలిచావా అన్న ప్రశ్న పక్కన పెట్టి, అక్కడ ఆ పందెం కాయడం సరైనదేనా అని అడగాలి. ఇలా యాభై నిర్ణయాల్లో కనిపించే తప్పులు వేల హ్యాండ్ల డబ్బు లెక్కలో కూడా కనిపించకపోవచ్చు. తేలికైన బల్ల వెతుక్కోవడం కూడా నైపుణ్యమే. చిన్న పందేలకు దిగితే నష్టం తగ్గుతుంది, నిజమే, కానీ అక్కడ కమిషన్ పందెంతో పోల్చితే ఇంకా బరువుగా పడుతుంది కాబట్టి గెలుపు మరింత దూరమవుతుంది.

వినోదం కోసమైతే లెక్క మారుతుంది. మూడేళ్లలో 624 గంటల ఆటకు 10,000 డాలర్లంటే గంటకు 16 డాలర్లు. స్తోమత ఉన్న మనిషి ఆ ధర తెలిసి, ఇష్టపడి చెల్లిస్తుంటే అతన్ని తప్పుపట్టే హక్కు గణితానికి లేదు, నాకూ లేదు. కానీ ఆ మొత్తాన్ని ఏడాది మొదట్లోనే విడిగా తీసి, ఖర్చు కింద రాసి, ఇంట్లోవాళ్లకు చెప్పగలగాలి. అయిపోయిన రోజున లేచి రాగలగాలి. తిరిగి వస్తుందన్న ఆశతో పెట్టే డబ్బు వినోదపు ఖర్చు కాదు.

మన రాష్ట్రాల్లో ఈ చర్చకు చట్టం వేరే గీత గీసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. చట్టం దాటి నడిచే యాప్‌ల దగ్గర కమిషన్ ఎంతో, ముక్కలు సరిగ్గా పంచారో లేదో తెలుసుకునే దారి కూడా ఆటగాడికి ఉండదు. పైన వేసిన లెక్కలు అక్కడ పనికిరావు.

లెక్కలతో అసలు పనిలేని పరిస్థితి ఒకటుంది. పోయింది రాబట్టాలని మర్నాడే మళ్లీ వెళ్లడం, ఎంత పోయిందో భార్యకో భర్తకో అబద్ధం చెప్పడం, అదే ఉత్సాహం కోసం పందెం పెంచుకుంటూ పోవడం, తగ్గించుకుందామని పదేపదే ప్రయత్నించి విఫలం కావడం, అప్పులకు ఇతరుల మీద ఆధారపడటం. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో జూద రుగ్మతను మాదకద్రవ్యాల వ్యసనాలున్న విభాగంలోకే చేర్చింది. అది ఇచ్చిన తొమ్మిది లక్షణాల్లో ఇవన్నీ ఉన్నాయి. పన్నెండు నెలల్లో నాలుగు కనిపిస్తే దాన్ని రుగ్మతగా పరిగణిస్తారు. అక్కడ ప్రశ్న ఆటతీరు గురించి కాదు, ఆ మనిషికి అందాల్సిన వైద్యం గురించి. మన దేశంలో టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆడేవాళ్లు చెయ్యకపోతే ఇంట్లోవాళ్లయినా చెయ్యొచ్చు.