కారు పాలిషింగ్ యంత్రం

కారు రంగుపై ఏర్పడిన సన్నని గీతలను, మరకలను తొలగించి మెరుపు తెచ్చే విద్యుత్ పరికరాన్ని పాలిషింగ్ యంత్రం అంటారు. ఆధునిక కార్లలో రంగుపై క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దీని మందం సాధారణంగా 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. పాలిష్ చేసిన ప్రతిసారీ ఇది కొంత అరుగుతుంది; అరిగినది తిరిగి రాదు. అందువలన యంత్రాన్ని, ప్యాడ్‌ను సరిగా ఎంచుకోవడం ముఖ్యము.

రకాలు

రోటరీ: ప్యాడ్ ఒకే అక్షంపై తిరుగుతుంది. పని త్వరగా జరుగుతుంది, కాని ఒకేచోట నిలిపితే వేడి పుట్టి రంగు పాడవుతుంది.

డ్యూయల్ యాక్షన్: ప్యాడ్ తనచుట్టూ తాను తిరుగుతూ చిన్న కక్ష్యలో కూడా కదులుతుంది. ఈ కక్ష్య వ్యాసం 8, 15, 21 మి.మీ. వంటి కొలతలలో ఉంటుంది. వేడి తక్కువ కనుక కొత్తవారికి ఇది అనువైనది.

ప్యాడ్ పరిమాణం

బంపర్లు, అద్దాల తొడుగులు, తలుపుల మధ్య స్తంభాలకు 3 అంగుళాలు. తలుపులకు 5 నుండి 6 అంగుళాలు. బానెట్, పైకప్పులకు 6 నుండి 7 అంగుళాల ప్యాడ్లు వాడతారు. బ్యాకింగ్ ప్లేటు కంటే ప్యాడ్ కొంచెం పెద్దదిగా ఉండాలి. లేనిచో ప్లేటు అంచు రంగుకు తగులుతుంది.

జాగ్రత్తలు

పర్ణశాల వంటి అటవీ ప్రాంతాల మట్టిదారులలో తిరిగిన కారును ముందుగా నీటితో బాగా కడగాలి. ప్యాడ్ కింద ఇసుక రేణువు చిక్కితే కొత్త గీతలు పడతాయి. గోటికి తగిలేంత లోతైన గీతలను పాలిష్‌తో పూర్తిగా తొలగించడం సాధారణంగా సాధ్యం కాదు.