పాట మీద రాసేవాళ్లు ఏం విడదీసి చెప్పాలి?

పత్రికలో సంగీతం మీద వ్యాసం కనిపిస్తే చాలామంది పేజీ తిప్పేస్తారు. రాగాల పేర్లు మనకెందుకులే అనుకుంటారు. తప్పంతా చదివేవాళ్లదే కాదు. "అద్భుతంగా పాడారు, సభ పరవశించింది" అని రాసి ఊరుకుంటే, ఆ పాట వినని మనిషికి దక్కేదేమీ లేదు. సంగీతం మీద రాసేవాళ్లు మెచ్చుకోవడానికి ముందే మూడు సంగతులు విడదీసి చెప్పాలి: దొరికిన ఆధారమేమిటి, పాడేవాళ్లు చెప్పిందేమిటి, మధ్యలో ఇంకెవరైనా కలిపిందేమిటి. ఇది ఎంత ఓపికతో కూడిన పనో తెలియాలంటే అనంతపురం జిల్లా మనిషి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేసిన ఒక పనిని చూడాలి.

ఆయన 1893లో కళ్యాణదుర్గం ప్రాంతంలోని రాళ్లపల్లిలో పుట్టారు. చదువుకి మైసూరు వెళ్లారు. కట్టమంచి రామలింగారెడ్డి ప్రోద్బలంతో 1912లో అక్కడి మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరి, 1949 దాకా పాఠాలు చెప్పారు. బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల దగ్గర సంగీతం నేర్చుకున్నారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు తెలుగు విమర్శలో ఇప్పటికీ ముందు వరసలో ఉంటాయి. సాహిత్యం, సంగీతం రెండూ ఒక్క మనిషిలోనే కుదిరినందువల్ల తిరుపతి ఆయన్ను పిలిచింది. అక్కడ అన్నమయ్య రేకులు ఎదురుచూస్తున్నాయి.

అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించాడని పరంపర చెబుతుంది. ఆయన కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రేకులు అచ్చుకెక్కాయి. ప్రతి పాటకీ రాగం పేరుంది, స్వరం మాత్రం లేదు. ఆ వేల పాటల్ని గురువు నుంచి శిష్యుడికి పాడుతూ అందించిన పరంపరా దాదాపు తెగిపోయింది.

రాగం తెలిస్తే పాడేయవచ్చు కదా అనిపిస్తుంది. రాగం వేరు, వరస వేరు. ఏ స్వరాలు రావాలి, ఎక్కడ నిలవాలి, ఎక్కడ జారాలి అన్న కట్టుబాటు రాగం. ఆటవెలదిలో వేల పద్యాలున్నా ఏ పద్యం నడక దానిదే అయినట్టు, ఒకే రాగంలో ఎన్ని వరసలైనా పుడతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాగం పేరు అలాగే ఉండి లోపలి స్వరాలు మారిపోవచ్చు. విజయనగరంలో రామామాత్యుడు 1550లో రాసిన 'స్వరమేళకళానిధి'లో ముఖారిని శుద్ధ మేళంగా చెప్పాడు. ఆ స్వరాలు నేటి లెక్కలో కనకాంగి రాగానికి సరిపోతాయి. ఇవాళ కచేరీలో వినిపించే ముఖారి వేరు. అంటే రేకు మీద 'ముఖారి' అని కనిపించినంత మాత్రాన అన్నమయ్య చెవిలో మోగిన ముఖారి మనకు దొరికినట్టు కాదు. కొండమలహరి, అబాలి వంటి రాగాల సంగతి మరీ కష్టం. వాటి వాడుకే పోయింది.

రాళ్లపల్లి రేకుల్లోని సాహిత్యాన్ని పరిష్కరించారు. నూరుకు పైగా కీర్తనలకు తానే వరసలు కట్టి, స్వరపరిచారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఇప్పుడు ఆ పాటలు వినేవాళ్లలో చాలామంది వరస కూడా అన్నమయ్యదే అనుకుంటారు. మాట అన్నమయ్యది, రాగం పేరు రేకుది, వరస రాళ్లపల్లిది. ఈ మూడూ రాయని సమీక్ష ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

రాతలో దొరికిందల్లా నిజమనుకోవడానికీ లేదు. 1949లో వచ్చిన హిందీ చిత్రం 'మహల్' గ్రామఫోన్ రికార్డు మీద గాయనిగా కామిని పేరు అచ్చయింది. కామిని ఆ కథలోని పాత్ర, పాడింది లతా మంగేష్కర్. ముద్రించిన చీటీని పాడినవాళ్ల మాటతో, పాడినవాళ్ల జ్ఞాపకాన్ని ముద్రించిన చీటీతో సరిచూసుకుంటూ పోవాలి.

అనంతపురం సీమలో ఈ పని ఇంకా బోలెడు ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ వార్తల్లో బొమ్మల అందం గురించే ఎక్కువగా రాశారు. బొమ్మను ఆడిస్తూనే పద్యం ఎత్తుకునే గొంతు గురించి రాసింది తక్కువ. ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబాలు తెర వెనక రామాయణాన్ని తెలుగులో పాడటమే ఒక పెద్ద ప్రశ్న. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఘట్టానికి ఏ వరస, తాత పాడినదాన్ని ఎక్కడ మార్చుకున్నారు? ఉరుముల వాయిద్యం దగ్గరా అంతే. పుల్లతో రాస్తే తోలు గుర్రుమనే ఆ చప్పుడు ఏ దేవర ముందు, ఏ నెలలో మోగుతుందో అడగాలి.

ఈ నేల మీద ఇంకో ప్రశ్న తప్పదు: వాన పడని ఏడు ఏం చేస్తారు? దేశంలోనే బాగా తక్కువ వాన కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటి. శెనక్కాయ పంట పోతే ఊరు జాతర తగ్గించుకుంటుంది, ఆటగాళ్లను పిలిచేవాళ్లుండరు, కుర్రాళ్లు బెంగళూరు పనులకు పోతారు. నేర్పేవాళ్లున్నా నేర్చుకునే మనిషి ఊళ్లో లేకపోతే వరస అక్కడితో ఆగుతుంది. కరువు గురించి అడగని సంగీత ఇంటర్వ్యూ ఇక్కడ సగమే.

ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, రాసినదానికి మాత్రమే డబ్బు తీసుకునే విలేఖరికి ఇన్నిసార్లు వెళ్లి అడిగే వీలు తక్కువ. నిర్వాహకులు పంపిన కాగితాన్నే తిప్పి రాయడం సులువు. కాబట్టి చదివేవాళ్లూ కొంచెం గట్టిగా ఉండాలి. వ్యాసం పూర్తయ్యాక వరస ఎవరిదో, పాట ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఆ సంగతి రాసినాయనకు ఎలా తెలిసిందో మనకు తెలియాలి. తెలియకపోతే మనం చదివింది పొగడ్త మాత్రమే.