సంతకం ఎవరిది? మాటలు ఎవరివి?
విదేశీ చదువుకు దరఖాస్తు పెట్టే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

ఇంజనీరింగు కళాశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఏటా అక్టోబరు, నవంబరు నెలలు వచ్చేసరికి మా స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఆఖరి సంవత్సరం విద్యార్థులు బారులు తీరేవారు. అందరి చేతుల్లోనూ కవర్లే. "సార్, రికమెండేషన్ లెటరు. టైపు చేయించుకొచ్చాను. మీరు సంతకం పెడితే చాలు" అనేవారు.

అలా వచ్చిన ఒక అబ్బాయిని నేను మరచిపోలేను. పల్లెటూరివాడు. వాళ్ల ఇంట్లో కళాశాల మెట్లెక్కిన మొదటివాడు. అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో ఎం.ఎస్. చేయాలని ఆశ. అతను తెచ్చిన ఉత్తరం చదివాను. పరిశోధనలో అపారమైన ప్రతిభ కలవాడనీ, సదస్సులో పత్రం చదివాడనీ, నేను అతణ్ణి నాలుగేళ్లుగా దగ్గరుండి గమనిస్తున్నాననీ ఉంది. నేను అతనికి చెప్పింది ఒకే ఒక్క సబ్జెక్టు.

"ఏ సదస్సు బాబూ ఇది?" అని అడిగాను. తల వంచుకున్నాడు. "కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చారు సార్. అందరికీ ఇలాగే రాస్తారట."

కూర్చోమన్నాను. "సరే, నువ్వు నిజంగా ఏం చేశావో చెప్పు" అన్నాను. చాలాసేపు ఏమీ లేదన్నాడు. చివరికి ఒక సంగతి బయటపడింది. వాళ్ల చేలో బోరు మోటారు ప్రతి వేసవిలోనూ కాలిపోయేదట. మూడో సంవత్సరం సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు గంట గంటకూ వోల్టేజి ఎంత ఉందో కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఏ వేళల్లో బాగా పడిపోతున్నదో లెక్క తీసి, ఆ వేళల్లో మోటారు వేయవద్దని తండ్రికి చెప్పాడు. ఆ ఏడు మోటారు కాలలేదు.

"మరి ఇది ఎందుకు రాయలేదు?" అన్నాను. "ఇందులో గొప్పేముంది సార్!" అన్నాడు ఆశ్చర్యంగా.

ప్రియ పాఠకులారా, ఈ రోజు మనం మాట్లాడుకోవలసింది సరిగ్గా ఆ మాట గురించే. మన పిల్లలకు తమ నిజం చిన్నదిగా కనిపిస్తున్నది. ఎవరో రాసిచ్చిన అబద్ధం పెద్దదిగా కనిపిస్తున్నది. ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో మన దేశంవారే అందరికంటే ఎక్కువ, 3 లక్షల 31 వేలకు పైగా. వారిలో సగానికి పైగా పై చదువులవారే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి దరఖాస్తు నింపని వీధి ఉండదేమో!

ఇది ఏడాదికి పైగా పట్టే పని

ఆగస్టులో చదువు మొదలుకావాలంటే ముందు సంవత్సరం వేసవికే పని ప్రారంభించాలి. పిహెచ్.డి. దరఖాస్తులకు చాలాచోట్ల డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లోనే గడువు ముగుస్తుంది. ఎం.ఎస్.కు కొన్నిచోట్ల మరి రెండు మూడు నెలలు ఉంటుంది. టోఫెల్, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. మార్కులు రెండేళ్లూ, జి.ఆర్.ఇ. మార్కులు ఐదేళ్లూ చెల్లుతాయి. 2020 తరువాత చాలా విశ్వవిద్యాలయాలు జి.ఆర్.ఇ. అడగడం మానివేశాయి. ఏ శాఖ ఏమి అడుగుతున్నదో ఆ శాఖ ప్రకటన చదివి తెలుసుకోవాలే గాని, స్నేహితుని మాట మీద ఆధారపడకూడదు.

మూడేళ్ల బి.ఎస్సీ., బి.కాం. చదివినవారు ఇంకొక విషయం గమనించాలి. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు. కొన్ని విశ్వవిద్యాలయాలు మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. రుసుము కట్టకముందే అడగాలి. ఒక్కొక్క దరఖాస్తుకు యాభై నుండి నూరు డాలర్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే అవుతుంది. పదిహేను చోట్ల గుడ్డిగా పెట్టేకంటే, బాగా తెలుసుకుని ఆరేడు చోట్ల పెట్టడం మేలు.

మూడు కాగితాలు

దరఖాస్తులో ముఖ్యమైనవి మూడు. మొదటిది మార్కుల జాబితా. తప్పిన సబ్జెక్టులుంటే దాచడానికి ప్రయత్నించవద్దు. తప్పినది ఎందుకు తప్పిందో, తరువాత ఎలా నిలదొక్కుకున్నామో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. చదివే పెద్దలు కూడా ఒకప్పుడు విద్యార్థులే.

రెండవది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ చదువు ఎందుకు చదవదలచామో విద్యార్థి తన మాటల్లో చెప్పుకునే వ్యాసం. చిన్ననాటి నుండి కంప్యూటర్లంటే ప్రాణమని మొదలుపెట్టే వ్యాసాలు అక్కడివారు వందల కొద్దీ చదువుతారు. వారు వెదికేది మూడు సంగతులు. ఇంతవరకు ఏమి చేశావు? దానిలో నీకు తేలని ప్రశ్న ఏది? దానికి మా శాఖే ఎందుకు? ఈ మూడింటికీ జవాబు విద్యార్థి దగ్గర తప్ప ఏ కన్సల్టెన్సీ దగ్గరా దొరకదు. ఇంగ్లీషు తప్పులు దిద్దమని పెద్దలను అడగడం తప్పు కాదు. జీవితాన్ని రాసిపెట్టమని అడగడం తప్పు.

మూడవది సిఫారసు లేఖ. సాధారణంగా మూడు అడుగుతారు. అధ్యాపకుడు తానే రాసి, తన ఈ-మెయిలు ద్వారా తానే నేరుగా పంపాలి. తాను ఆ లేఖ చూడనని విద్యార్థి ముందే ఒప్పుకునే వీలు కూడా దరఖాస్తులో ఉంటుంది. అలా ఒప్పుకున్నప్పుడే ఆ లేఖకు విలువ ఎక్కువ. కాని మన దగ్గర జరుగుతున్నదేమిటి? విద్యార్థే రాసుకుంటాడు, లేక అధ్యాపకుని పేరుతో వేరే ఈ-మెయిలు తెరిచి మరెవరో పంపేస్తారు. నా తోటి అధ్యాపకులకు కూడా ఒక మాట. తీరిక లేదని ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు మనం ఆ బిడ్డకు సహాయం చేయడం లేదు.

ఒకే ప్రశ్న మూడుచోట్ల

"అందరూ చేస్తున్నదే గదా, ఎవరికి తెలుస్తుంది?" అంటారు. ఆలోచించండి. ఏమి చదవబోతున్నావు, ఎందుకు, ఎవరి డబ్బుతో అనే ప్రశ్నను విద్యార్థి మూడుచోట్ల ఎదుర్కొంటాడు. మొదట విశ్వవిద్యాలయం అడుగుతుంది. తరువాత వీసా అధికారి అడుగుతారు. 2008కి ముందు మన పిల్లలు ఇందుకోసం చెన్నై వెళ్లేవారు. ఇప్పుడు హైదరాబాదులోనే అమెరికా కాన్సులేటు ఉంది. వీసా వచ్చినంత మాత్రాన అయిపోలేదు. విమానం దిగాక అక్కడి ఇమ్మిగ్రేషన్ అధికారి మళ్లీ అడగవచ్చు.

2023 ఆగస్టులో అట్లాంటా, చికాగో, శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుండి దాదాపు 20 మంది భారతీయ విద్యార్థులను తిప్పి పంపివేశారు. వారిలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. వారి కాగితాలనూ, ఫోన్లనూ అధికారులు పరిశీలించారని పత్రికల్లో వచ్చింది. ఎంత ఆశతో ఎక్కిన విమానం, ఎంత బరువుతో దిగిన విమానం! ఎవరో రాసిన వ్యాసం మొదటి గుమ్మం దాటించవచ్చు. మూడో గుమ్మం దగ్గర నిలబడేది మాత్రం మన బిడ్డ ఒక్కడే. తన సొంత మాటలైతే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అరువు మాటలైతే తడబడతాడు.

విశ్వవిద్యాలయం నిజమైనదో కాదో కూడా చూసుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేసినప్పుడు వెయ్యి మందికి పైగా విద్యార్థులు వీధిన పడ్డారు. వారిలో ఎక్కువమంది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు. ఆ సంస్థ నడిపినామెకు 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన సంస్థ. 2019 జనవరిలో అక్కడ చేరిన 129 మంది భారతీయులను అదుపులోకి తీసుకున్నారు. ఆ సంస్థ పేరు ప్రభుత్వ జాబితాలో కూడా ఉండేది. లేనివి తరగతులూ, అధ్యాపకులూ! కాబట్టి జాబితా చూసి ఊరుకోవద్దు. ఏ రోజుల్లో తరగతులు, ఎవరు చెబుతారు, అక్కడ ఇప్పుడు చదువుతున్న విద్యార్థి ఒకరితో మాట్లాడగలమా అని అడగండి. "తరగతికి వెళ్లనక్కరలేదు, మొదటి రోజు నుండే ఉద్యోగం" అని ఎవరైనా చెబితే అక్కడి నుండి లేచి రండి.

కన్సల్టెన్సీలన్నీ మోసమని నేననడం లేదు. కాని కొన్ని విశ్వవిద్యాలయాలు తమ దగ్గర చేర్పించినందుకు ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. మీ దగ్గర రుసుము తీసుకోని కన్సల్టెన్సీకి డబ్బు ఎక్కడి నుండి వస్తున్నదో అడిగే హక్కు మీకుంది. అమెరికా ప్రభుత్వం నడిపే ఎడ్యుకేషన్ యు.ఎస్.ఎ. సలహా కేంద్రాలు కూడా ఉన్నాయి. వాటికి ఏ ఒక్క విశ్వవిద్యాలయం మీదా మొగ్గు లేదు.

ఇంట్లో డబ్బు మాట

మన ఇండ్లలో పిల్లల ముందు డబ్బు సంగతి మాట్లాడం. "నీకెందుకురా, నువ్వు చదువుకో, మేం చూసుకుంటాం" అంటాం. ప్రేమతోనే అంటాం. కాని ఆ అప్పు తీర్చవలసింది ఆ బిడ్డే. అందుచేత దరఖాస్తు పెట్టకముందే ఒక సాయంత్రం అందరూ కలసి కూర్చుని లెక్క వేయండి.

40 లక్షల అప్పు తీసుకుని, వడ్డీ నూటికి 11 అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 4 లక్షల 40 వేలు. అంటే నెలకు 36 వేలకు పైగా. చదువుతున్నంత కాలం బ్యాంకు కట్టమనకపోయినా, ఆ వడ్డీ మాత్రం ఆగదు. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవారు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ క్యాంపసులోనే పని చేయవచ్చు. బయట దొంగచాటుగా పని చేస్తే వీసాకే ముప్పు. కాబట్టి "అక్కడికి వెళ్లాక సంపాదించి కట్టేస్తాడు" అనే లెక్క మీద పొలం తాకట్టు పెట్టకండి.

మరి దారులు లేవా? ఉన్నాయి. పిహెచ్.డి.లో చేరేవారికి చాలాచోట్ల బోధనలోనో పరిశోధనలోనో సహాయకులుగా పని ఇచ్చి, ఫీజు రద్దు చేసి, జీతం ఇస్తారు. ఎం.ఎస్.కు అది అరుదు. పరిశోధన మీద నిజమైన ఆసక్తి ఉన్న బిడ్డ దీని గురించి ఆలోచించాలి. అలాంటి సహాయంతో సీటు వస్తే, ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వెసులుబాటును అమెరికాలోని చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాయి. తొందరపెడితే భయపడవద్దు. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు కూడా కొన్ని ఉన్నాయి. సంక్షేమ కార్యాలయానికి వెళ్లి విచారించండి.

ఇంకొక మాట. నాలుగు రోజులకు డబ్బు అద్దెకు తెచ్చి ఖాతాలో చూపించే పద్ధతి ఒకటి ఉంది. దయచేసి దాని జోలికి పోవద్దు. ఆ కాగితం మీద తండ్రి సంతకం ఉంటుంది. అబద్ధం ఎలా ఆడాలో తండ్రే నేర్పించినట్లవుతుంది.

ఉన్నదానితోనే వెళ్లినవాడు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి మనలో చాలామందికి తెలుసు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యునికి కోపం వచ్చింది. దాంతో ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి పట్టా చేతికొచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగం ధర్మనిధి సాయంతో బోస్టన్ చేరి హార్వర్డులో చదివారు. పూట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్లు కూలి పని చేశారు. 1930లో పిహెచ్.డి. పొందారు. తరువాత ఆయన చేసిన కృషి నుండి వచ్చిన మందులు ఈనాటికీ రోగులకు ప్రాణం పోస్తున్నాయి. ఆయన వెంట గొప్ప పట్టా లేదు. తెలుసుకోవాలన్న పట్టుదల, శ్రమ ఉన్నాయి.

ఇక మొదట చెప్పిన అబ్బాయి సంగతి. ఆ టైపు కాగితం మీద నేను సంతకం చేయలేదు. బోరు మోటారు సంగతి నా ఉత్తరంలో రాశాను, తన వ్యాసంలో అతనూ రాశాడు. ఆరుచోట్ల పెడితే నాలుగుచోట్ల రాలేదు. రెండుచోట్ల సీటు వచ్చింది గాని ఆర్థిక సహాయం రాలేదు. వాళ్ల నాన్నగారు నా దగ్గరకు వచ్చారు. "ఊళ్లో అందరికీ చెప్పుకున్నాం సారూ. పొలం అమ్మమంటారా?" అని అడిగారు. నేను జవాబు చెప్పకముందే కొడుకే అన్నాడు, "వద్దు నాన్నా. రెండేళ్లు ఇక్కడ పని చేసి, కొంత కూడబెట్టుకుని వెళతాను" అని. అలాగే చేశాడు. మూడో ఏడు వెళ్లాడు. ఆ పొలం ఇప్పటికీ వాళ్లదే.

తల్లిదండ్రులారా, మీకు ఇంగ్లీషు రాకపోవచ్చు. ఫర్వాలేదు. దరఖాస్తు పంపే ముందు రోజు రాత్రి మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇందులో ఏమి రాశావో తెలుగులో చెప్పమ్మా" అని అడగండి. కళ్లలోకి చూస్తూ చెప్పగలిగితే పంపమనండి. చెప్పలేకపోతే, ఆ రాత్రే దాన్ని మళ్లీ రాయమనండి.